కుంకుమ ఐదోతనం గుర్తు మాత్రమేనా? కార్వాన్ నుంచి మేడారం దాకా

పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతోని చదవండి.

మేము కార్వాన్‌లో ఉంటున్నం. హాస్టల్ రూమ్‌లో నలుగురం: ఇద్దరం కోయ, ఒకరు లంబాడి, ఒకరు గోండు. కార్వాన్ అంటే ఫార్సీలో బిడారు. గోల్కొండ కోటకూ, మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్‌కూ నడుమ ఉన్న ఈ జాగాల కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల బేరం చేసే సాహుకార్లు ఉండేటోళ్ళు. అందుకే దీన్ని కార్వాన్ సాహు అన్నరు. 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ ఉన్నది. బిడారంటే మా తాతలే గదా, ఈ జాగా మాదే అని మా లంబాడి దోస్తు నవ్వుతది.

ఇక్కడి దర్బార్ మైసమ్మకు ఆషాఢంలో బోనాలు తీస్తరు. పోయిన ఆషాఢంలో ఒకరింట్లో మమ్మల్ని భోజనానికి పిలిచిన్రు. మాలో ఒకామె తల్లి ఊరి నుంచి వచ్చింది, ఆమెను కూడా తీస్కపోయినం. ఆ ఇంటామె కుంకుమ భరిణె పట్టుకొని వరుసగా అందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది, ఆ తల్లి దగ్గర ఆగకుండా పక్కామె దగ్గరికి పోయింది. ఆమె భర్త పోయి మూడేండ్లు. ఇంటామె చెడ్డది కాదు, ఆమెకు నేర్పింది అంతే. కానీ ఆ తల్లి తనే ముందుగా ఒక అడుగు వెనక్కి జరిగింది. మాకు గుచ్చుకున్నది అది. కుంకుమకూ మొగుడికీ ముడి ఎవరు వేసిన్రు అని ఆ రాత్రి రూమ్‌లో మొదలైన మాట చాలా రోజులు నడిచింది.

ముందు వస్తువు సంగతి. కుంకుమ పసుపు నుంచే పుడుతది. పసుపు కొమ్ములను నిమ్మరసంలో, వెలిగారంతో నానబెట్టి, ఎండబెట్టి దంచితే ఎర్రబడతది. పసుపు నీళ్ళల్ల సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అయితయి గదా, దిష్టి తీసేటివి, అవీ ఇట్లనే పసుపు రంగు మారితే వచ్చేటివే. హనుమంతుడికి పూసే సిందూరం వేరు, పాతకాలంలో దాన్ని సీసంతోనో పాదరసంతోనో చేసేటోళ్ళు. కుంకుమ అనే మాట సంస్కృతంలో అసలు కుంకుమ పువ్వుది. పువ్వు కాశ్మీరంలో పూస్తది, పసుపు మన చేన్లలో పండుతది. పేరు అక్కడిది, పొడి ఇక్కడిది.

ఇప్పుడు బోనం చూడండి. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపాకు కడతరు. కుంకుమ కుండకే ముందు. గుమ్మడికాయ కొట్టేటప్పుడు దానికీ కుంకుమ అద్దుతరు, ఒకప్పటి బలి నెత్తురు జాగాల. గడపకు, నాగలికి, కొత్త బండికి పెడతరు. వీటికి ఏ మొగుడున్నడు? మైసమ్మ, పోచమ్మ గుళ్ళల్ల చాలా చోట్ల అమ్మ ఒక్కతే ఉంటది. బోనాల ముందు కొరడా పట్టి ఆడే పోతరాజు అమ్మకు తమ్ముడు.

ఇంక మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో రెండేండ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే జాతర, 1996 నుంచి రాష్ట్ర పండుగ. అక్కడ విగ్రహం లేదు. మా పెద్దలు చెప్పే కథ ఇది: కరువుల కప్పం కట్టమన్న కాకతీయుల మీద కోయలు తిరగబడ్డరు. పగిడిద్దరాజు పడిపోయిండు, సారలమ్మ, నాగులమ్మ పడిపోయిన్రు. జంపన్న సంపెంగ వాగుల పడితే నీళ్ళు ఎర్రబడ్డయి, అది జంపన్న వాగైంది. వెనక నుంచి బల్లెం పోటు తగిలిన సమ్మక్క చిలకలగుట్ట దిక్కు నడిచి మాయమైంది. వెతికితే దొరికింది ఒక కుంకుమ భరిణె. ఈరోజుకీ వడ్డెలు గుట్ట నుంచి అమ్మను ఆ భరిణె రూపంలోనే గద్దెకు తెస్తరు. అప్పుడు పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం చెప్తరు.

వరుస చూసిన్రా? మొగుడు ముందు పోయిండు. బయటి ఆచారం లెక్కన ఆ క్షణం నుంచి సమ్మక్కకు కుంకుమ తాకే హక్కు లేదు. కానీ ఆమె కుంకుమే అయింది. కోట్ల మంది మొక్కేది ఆ భరిణెకే.

మా గోండు దోస్తు దీన్ని ఒప్పుకోలేదు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును జాతరకు పెళ్ళికొడుకుగా తెస్తరు గదా, అంటే అమ్మ ముత్తైదువనే గదా అన్నది. ఆ మాటలో బలం ఉన్నది, మేము కాదనలేము. కానీ మాకు తోచింది ఇది: కథలో అమ్మ భరిణెగా మారేనాటికి పెళ్ళికొడుకు లేడు. పెళ్ళి ప్రతి జాతరకు మళ్ళీ చేస్తున్నం. భరిణె మాత్రం గుట్ట మీద దొరికిన నాటిదే.

2022 మేలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామపంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ళ కుంకుమ తుడిచే, గాజులు పగలగొట్టే ఆచారాలు ఆపాలని తీర్మానం చేసింది. ఆ నెలలోనే అక్కడి సర్కారు మిగతా ఊళ్ళు కూడా అట్లనే చెయ్యాలని చెప్పింది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వలను, నానమ్మలను ఒక మాట అడగండి: మన గూడెంల, తండాల భర్త పోయినామె బొట్టు తీసుడు ముందు నుంచీ ఉన్నదా, బయటి నుంచి వచ్చిందా? వస్తే ఏ తరంల? ఊరు పేరుతో రాయండి, మేము ఒక నోట్‌బుక్‌ల ఎక్కించుకుంటున్నం.