ఓక్లండ్ నగరపు గంజాయి అంగళ్లు – అనుమతి నిబంధనల చరిత్ర

అంగడి పెట్టుకొనుటకు నగరపాలక సంస్థ ఇచ్చు అనుమతి పత్రము చూచుటకు మిక్కిలి చప్పనైన వస్తువు. పాఠశాలకు ఎంత దూరమున ఉండవలెను, తలుపులు ఎన్ని గంటలకు మూయవలెను, రుసుము ఎంత – ఇట్టి సంగతులే అందులో ఉండును. కాని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పు గట్టున నున్న ఓక్లండ్ నగరము గంజాయి అంగళ్ల విషయమై ఈ చప్పని పత్రమును 20 సంవత్సరములలో పలుమారులు తిరుగ వ్రాసినది. ఒకే మొక్క ఎప్పుడు నేరమగునో, ఎప్పుడు సరకగునో, ఆ సరకు అమ్ముకొను హక్కు ఎవరికి దక్కునో ఆ దిద్దుబాట్లను వరుసగా చూచిన వారికి బోధపడును.

ముందు మొక్కను గూర్చి ఒక మాట. లిన్నేయస్ 1753లో దీనికి కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టెను. ఆడ మొక్కల పూగుత్తులపై సన్నని గ్రంథి రోమములు ఉండును. వానిలో జిగురు ఊరును. మత్తు కలిగించు పదార్థము ప్రధానముగా ఆ జిగురులోనిదే. దానిని టెట్రాహైడ్రోకన్నాబినాల్ అనియు, క్లుప్తముగా టి.హెచ్.సి. అనియు అందురు. ఇజ్రాయెల్ దేశపు రసాయన శాస్త్రజ్ఞులు మెషూలమ్, గావోనీ 1964లో దానిని శుద్ధ రూపమున వేరుచేసి దాని నిర్మాణమును తేల్చిరి. నార కొరకు పెంచు రకములలో ఇది అత్యల్పము. మత్తు కొరకు పెంచు రకములలో అధికము. కావున ఒక పొట్లమును చూచినంత మాత్రమున అందులో ఎంత బలమున్నదో చెప్పలేము.

ఈ సరకును అనుమతి పత్రముతో అమ్మించుట అమెరికా వారు కనిపెట్టినది కాదు. బ్రిటిష్ పాలనలో మన దేశమున లైసెన్సు పొందిన గంజాయి అంగళ్లు ఉండెడివి. ఇంగ్లండు కామన్స్ సభలో లేచిన ప్రశ్నపై 1893లో ఏర్పడిన విచారణ సంఘము 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక సమర్పించినది. పూర్తి నిషేధము వద్దనియు, తగినంత పన్ను వేసి, సాగును లైసెన్సు క్రిందికి తెచ్చి, అంగళ్ల సంఖ్యకును ఒక మనిషి ఉంచుకొనదగిన పరిమాణమునకును హద్దు పెట్టవలెననియు ఆ సంఘము సూచించినది. తరువాత మన దేశము వేరు త్రోవ పట్టినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము గంజాయి పూగుత్తులను, జిగురును నిషేధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దీని సాగు, అమ్మకము శిక్షార్హమైన నేరములు. ఆ సంఘము చెప్పిన పన్ను, సంఖ్య, హద్దు అను సాధనములు మాత్రము నూరేండ్లు గడచిన పిమ్మట ఓక్లండ్‌లో తిరిగి కనిపించును.

కాలిఫోర్నియా 1913లోనే గంజాయిని నిషేధించినది. 1970లో అమెరికా కేంద్ర ప్రభుత్వము దానిని అత్యంత కఠినమైన మొదటి పట్టికలో చేర్చినది. ఆ పట్టిక అట్లే ఉండగా, 1996 నవంబరు 5వ తేదీన కాలిఫోర్నియా ప్రజలు వోటు వేసి, వైద్యుని సలహాపై రోగులు గంజాయి వాడుకొనవచ్చునని శాసనము చేసిరి. ఆ తేదీ మరల రానున్నది, పాఠకులు గుర్తుంచుకొనవలెను.

రోగికి హక్కు వచ్చినది గాని, సరకు ఎక్కడ కొనవలెనో శాసనము చెప్పలేదు. ఓక్లండ్‌లో ఒక సహకార సంఘము రోగులకు గంజాయి అందజేయుచుండెను. కేంద్ర ప్రభుత్వము దానిపై దావా వేయగా, 1998లో నగర సభ ఒక ఉపాయము పన్నినది. మాదకద్రవ్యముల చట్టమును అమలు జరుపు స్థానిక అధికారులకు కేంద్ర చట్టమే కొంత రక్షణ ఇచ్చుచున్నది గదా, అట్లయిన ఆ సంఘము వారినే నగర ప్రతినిధులుగా నియమింతమని తలచిరి. న్యాయస్థానము ఈ చమత్కారమును ఒప్పుకొనలేదు. 2001 మే నెలలో అమెరికా సుప్రీమ్ కోర్టు, వైద్యావసరమను కారణము కేంద్ర చట్టమునకు మినహాయింపు కాజాలదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది.

అయినను అంగళ్లు ఆగలేదు. నగర మధ్య భాగమున అవి అంతగా పెరుగుటచే ఆమ్‌స్టర్‌డామ్ పేరును కలిపి జనులు ఆ ప్రాంతమును ఓక్‌స్టర్‌డామ్ అని పిలువసాగిరి. 2004 ఆరంభమున నగర సభ మొదటి అనుమతి నిబంధనలను చేసి, నగరమంతటికి నాలుగే అంగళ్లు ఉండవలెనని నిర్ణయించినది. అప్పటి జనాభా సుమారు 4 లక్షలు. అనగా లక్ష మందికి ఒకటి. మిగిలినవి మూతపడవలసి వచ్చెను. సంఖ్య తగ్గిన కొలది అనుమతి పత్రము విలువ పెరుగును. ఇది ఏ లైసెన్సుకైనను వర్తించు సూత్రమే. 2011లో ఈ సంఖ్యను ఎనిమిదికి పెంచిరి.

దూరపు నిబంధనను గూర్చి ఉపాధ్యాయులు తరగతిలో ఒక లెక్క చేయించవచ్చును. పాఠశాల నుండి 600 అడుగుల లోపల అంగడి ఉండరాదన్నచో, పాఠశాలను ఒక బిందువుగా భావించి 600 అడుగుల వ్యాసార్ధముతో వృత్తము గీయుడు. దాని వైశాల్యము సుమారు 11,31,000 చదరపు అడుగులు, అనగా దాదాపు 26 ఎకరములు. యువజన కేంద్రములకును, అంగడికిని అంగడికిని నడుమ కూడ ఇట్టి వృత్తములు గీచి, నివాస ప్రాంతములను తీసివేసినచో పటములో మిగులునవి చిన్న చిన్న తునకలే. ఆ తునకలలో భవనము గలవాడు అద్దె ఎంత చెప్పిన అంత. బాలుర క్షేమము కొరకు పెట్టిన హద్దే ధనము లేని వర్తకుని బయట నిలుపు గోడ కూడ అయినది.

సంఖ్య తరువాత పన్ను. 2009 జూలైలో ఓక్లండ్ ప్రజలు నూటికి 80 మంది అనుకూలముగా వోటు వేసి, గంజాయి వ్యాపారముపై ప్రత్యేక పన్ను విధించిరి. అమెరికాలో ఇట్టి పన్ను వేసిన మొదటి నగరము ఇదే. వెయ్యి డాలర్ల అమ్మకముపై అదివరకు 1 డాలరు 20 సెంట్లు ఉండగా, అది 18 డాలర్లయినది. పన్ను కట్టవలసిన వర్తకులే దీనిని సమర్థించుట వింతగా తోచవచ్చును. పన్ను రసీదు చేతిలో నున్నవానిని దొంగ వర్తకుడనుట కష్టమని వారికి తెలియును. మరుసటి సంవత్సరమే ప్రజలు దానిని 50 డాలర్లకు పెంచిరి. అంతటితో ఆగక నగరము నాలుగు పెద్ద గంజాయి తోటలకు అనుమతి ఇచ్చుటకు సిద్ధపడినది గాని, 2011లో కేంద్ర న్యాయవాది హెచ్చరిక లేఖ రాగానే వెనుదీసినది. 2012లో హార్బర్‌సైడ్ అను పెద్ద అంగడి భవనమును జప్తు చేయుటకు కేంద్రము దావా వేయగా, నగరమే కేంద్రముపై ఎదురు వ్యాజ్యము నడిపినది. 2016లో కేంద్రము ఆ దావాను విరమించుకొన్నది.

అదే సంవత్సరము నవంబరులో, 21 సంవత్సరములు నిండిన వారెవరైనను గంజాయి కొనవచ్చునని రాష్ట్ర ప్రజలు వోటు వేసిరి. 2018 నుండి అమ్మకమునకు పోవు ప్రతి రాశి నుండియు నమూనా తీసి పరీక్షించుట నియమమైనది. క్రోమటోగ్రఫీ పద్ధతిలో టి.హెచ్.సి. పాలు కొలిచి, పురుగుమందుల అవశేషములను, బూజును వెదకి, ఫలితమును పొట్లముపై ముద్రింపవలెను.

ఇంతవరకు నిబంధనలు సరకును, స్థలమును, సొమ్మును లెక్కించినవి. ఓక్లండ్ తరువాత చేసిన దిద్దుబాటు మనుష్యులను లెక్కించినది. పెద్దల సొంత వాడకమును పట్టుకొనుట పోలీసులకు అన్నిటికంటె చివరి పని కావలెనని ఆ నగర ప్రజలు 2004లోనే నిర్ణయించియుండిరి. అయినను 2015లో గంజాయి కేసులలో చిక్కినవారిలో 77 శాతము నల్లజాతివారు, 4 శాతము తెల్లజాతివారు. నగర జనాభాలో రెండు జాతులవారును దాదాపు సమానముగా, చెరి 30 శాతమునకు అటు నిటుగా ఉండిరి. ఒక పేటలో చెరసాలకు త్రోవ తీసిన సరకు మరియొక పేటలో అద్దాల అంగడిలో అమ్ముడుపోవుచుండెను.

2016 మే నెలలో నగర సభ, కొత్త అనుమతులలో సగము ఈ దెబ్బ తిన్నవారికే కేటాయించవలెనని తీర్మానించినది. మొదట ఆరు పోలీసు బీట్ల నివాసులను లెక్కలోనికి తీసికొనిరి. అది మరీ ఇరుకని విమర్శ రాగా 2017 మార్చిలో నిబంధనను తిరుగ వ్రాసి, బీట్లను 21కి పెంచిరి. దాని ప్రకారము అభ్యర్థి ఓక్లండ్ నివాసియై, ఆదాయము నగర మధ్యమ ఆదాయములో 80 శాతమునకు మించనివాడై ఉండవలెను. ఆపైన, గత 20 ఏండ్లలో 10 ఏండ్లు ఆ బీట్లలో నివసించి యుండవలెను. లేదా 1996 నవంబరు 5 తరువాత ఓక్లండ్‌లో గంజాయి నేరమునకు శిక్ష పొంది యుండవలెను. రోగులకు హక్కు వచ్చిన దినమే ఇక్కడ గీత అయినది. ఉద్యోగమునకు పోయిన చోటనెల్ల దాచవలసి వచ్చిన తీర్పు కాగితమును మనుష్యులు నగర కార్యాలయమునకు అర్హత పత్రముగా తీసికొని వచ్చిరి. ఏడాదికి ఎనిమిది కొత్త అంగళ్లు అనిరి. 2018 జనవరిలో అందు నాలుగింటిని ఇట్టి అభ్యర్థులకు చీటీలు తీసి పంచిరి.

అనుమతి దొరకినంత మాత్రమున అంగడి తెరచుకొనదు. కేంద్ర చట్టమునకు వెరచి బ్యాంకులు అప్పు ఇయ్యవు. ఆపైన 1982 నాటి ఆదాయపు పన్ను చట్టములోని 280-ఇ సెక్షను ఒకటి. మొదటి, రెండవ పట్టికలలోని ద్రవ్యములను అమ్మువారు సరకు ఖరీదు తప్ప అద్దె, జీతములు మొదలగు ఖర్చులను తగ్గించి చూపుటకు అది ఒప్పదు. 100 డాలర్ల అమ్మకములో సరకు ఖరీదు 60, అద్దె జీతములు 30 అనుకొనుడు. నిజమైన లాభము 10. ఇతర కంపెనీ 21 శాతము చొప్పున 2 డాలర్ల 10 సెంట్లు కట్టును. గంజాయి కంపెనీకి లాభము 40గా లెక్కించి 8 డాలర్ల 40 సెంట్లు వసూలు చేయుదురు. చేతిలో మిగులునది 1 డాలరు 60 సెంట్లు. వెనుక ఆస్తి లేనివాడు మొదటి ఏడు దాటుట ఎట్లు?

నగరము దీనికి రెండు మందులు ప్రయోగించినది. పేద అభ్యర్థికి మూడేండ్లు అద్దె లేకుండ 1,000 చదరపు అడుగుల స్థలమిచ్చిన ధనికుల దరఖాస్తులకు ముందు వరుస ఇచ్చిరి. దీని వలన కొందరికి స్థలము దొరకినది. కొందరు పేరునకు మాత్రమే భాగస్వాములై, పెత్తనము సొమ్ము పెట్టినవారి చేతిలో ఉండిపోయినది. రెండవది, గంజాయి పన్ను రాబడి నుండి వడ్డీ లేని అప్పులు. 2018 నవంబరులో ప్రజలు పన్ను రేట్లను తగ్గించు అధికారమును నగర సభకు ఇచ్చిరి. 2019 చివర సభ చిన్న వ్యాపారులకు, ముఖ్యముగా ఈ కేటాయింపు క్రింద వచ్చినవారికి, తక్కువ రేట్లు ఏర్పరచినది.