కాటా ముందా, ట్రాక్టరు ముందా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఊడిపడ్డాడు. చేతిలో నున్నటి కాగితాల పుస్తకం ఒకటి. దాని అట్టమీద కనుచూపు మేరా పొలం, పొలం మధ్య ఎర్ర ట్రాక్టరు, దాని పక్కన నవ్వుతూ నిలబడ్డ ఆఫ్రికా రైతు.

"మామా, టాంజానియాలో పదివేల ఎకరాలు లీజుకు దొరుకుతుందంట. శనక్కాయ వేస్తాం. మనకు తెలిసిన పంటే కదా! నలుగురం కలిశాం. నీ రిటైర్మెంటు డబ్బులో నువ్వూ కొంత వేస్తే..."

నా డబ్బు సంగతి అలా ఉంచండి. వీడి వాటా కోసం మా అక్కా బావా కదిరి దగ్గరున్న ఏడెకరాలూ బేరానికి పెట్టారని అప్పుడే తెలిసింది. నా గొంతులో కాఫీ కాసేపు ఆగి, ఆ తర్వాత దిగింది.

పుస్తకం తిరగేశాను. పేజీకి రెండు చోట్ల 'ప్రైవేటు పెట్టుబడులకు ప్రోత్సాహం', మూడు చోట్ల 'విలువ గొలుసు' అని ఉంది.

"విలువ గొలుసంటే ఏందిరా?"

"విత్తనం దగ్గర్నుంచి వంటింట్లో నూనె దాకా చేతులు మారే వరస మామా. చెయ్యి మారినప్పుడల్లా సరుకుకి కాస్త విలువ పెరుగుతుంది."

మా జేజినాయనకు ఈ మాట తెలీదు, గొలుసు మాత్రం బాగా తెలుసు. విత్తనానికి కాయలు ఒలవడానికి వీధి అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళ వేళ్ళు దానికి మొదటి కొస. పదును చూసి విత్తడం, పూత రాలి ఊడలు దిగాక ఆకాశం కేసి చూడ్డం, కాయ పీకి కట్టె వామి వెయ్యడం, బస్తాలు బండికెత్తడం తర్వాతి కడియాలు. ఆ పైన మండీ. అక్కడ కాటా దగ్గర తరుగు పేరుతో కొంత, మట్టి పేరుతో కొంత పోగా మిగిలిన దానికి డబ్బు. కాయ మిల్లుకు పోతుంది, నూనె పట్నానికి పోతుంది, చెక్క మళ్ళీ మా ఎద్దుల దగ్గరికే వస్తుంది. "ఇంత పొడుగు గొలుసులో మనం ఏ కొసనున్నాం జేజీ?" అని నేనడిగితే ఆయన, "బరువుండే కొసనప్పా" అనేవాడు.

అందుకే మేనల్లుడితో అన్నాను. "ఒరేయ్, నువ్వు చెప్పే పని నీకంటే ముందే ఒకరు చేశారు. దేశం అదే, పంట కూడా అదే. కూర్చో, చెబుతాను."

రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది. గెలిచిన ఇంగ్లండులో వంటకి కొవ్వు లేదు, రేషను. 1946లో యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ అధికారి ఫ్రాంక్ శామ్యూల్‌కి ఒక ఊహ వచ్చింది. ఈ కంపెనీ సబ్బులూ వనస్పతీ చేసే యూనిలీవర్ వారి బిడ్డ. తూర్పు ఆఫ్రికాలో, నాటి టాంగన్యీకాలో, బోలెడు బీడు పడి ఉంది, యంత్రాలతో దున్ని వేరుశనగ వేస్తే ఇంగ్లండు వంటిళ్ళ కరువు తీరిపోతుంది అని ఆయన ప్రభుత్వం చెవిన వేశాడు. ప్రభుత్వం పంపిన బృందం తొమ్మిది వారాలు తిరిగొచ్చి భేష్ అంది. మొత్తం 32 లక్షల ఎకరాలు, రెండున్నర కోట్ల పౌన్ల దాకా ఖర్చు. 1947లో పని మొదలైంది.

కేంద్రంగా ఎంచుకున్న ఊరు కొంగ్వా. చుట్టూ గోగో జనం. పశువులు కాసుకుంటూ కొద్దిపాటి మెట్టపైర్లతో బతికేవాళ్ళు. ఆ సీమలో వానలు ఎంత నమ్మకం లేనివో వాళ్ళకు తెలుసు. మన అనంతపురం వాళ్ళకు తెలియదూ? అలాగే. కాని వాళ్ళనెవరూ అడిగినట్టు లేదు. యంత్రాలు దిగాయి. యుద్ధంలో వాడేసిన పాత ట్రాక్టర్లు కొన్ని, షెర్మన్ టాంకుల్ని మార్చి చేసిన ట్రాక్టర్లు కొన్ని. ఓడ లంగరు గొలుసు రెండు బుల్డోజర్ల మధ్య కట్టి ముళ్ళపొదల్ని ఊడ్చారు. అడవిలో బావోబాబ్ చెట్లు అడ్డమొచ్చాయి. గోలకొండ నయాకిలాలో 'హాతియాన్ కా ఝాడ్' అని ఏనుగంత మొదలున్న చెట్టుంది, చూశారా? ఆ జాతే. ఒక్కటుంటే మనం టిక్కెట్టు కొని చూస్తాం. అలాంటివి దారిపొడుగునా ఉంటే బుల్డోజరు గతేమిటి? వాటి తొర్రల్లో తేనెపట్లు. డ్రైవర్లు బండ్లు వదిలేసి పరుగో పరుగు.

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది నేల. కొంగ్వా నేలలో బంకమన్ను ఎక్కువ. వాన పడితే జిగట, ఎండ కాస్తే ఇటిక. వేరుశనగ మిగతా పైర్లలాంటిది కాదు కదా. పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. ఊడ నేలలోకి దిగాలి, ఊరిన కాయ నేలలోంచి రావాలి. గుల్లగా ఉండే ఎర్రనేలే దానికి తల్లి. మా జేజినాయన అయితే ఆ మట్టి గుప్పెట్లో తీసుకుని నలిపి పారేసి, మాట్లాడకుండా ఇంటికి వచ్చేవాడు. ఆయన ఫీజు ఒక చుట్ట.

మొదటి ఏడు లక్షా యాభైవేల ఎకరాలు వెయ్యాలనుకున్నారు. వేసింది ఎనిమిదివేలకు లోపే. రెండేళ్ళయ్యాక లెక్క చూస్తే, పండిన కాయ విత్తనాలకు కొన్న కాయంత కూడా లేదు! 1951 జనవరిలో ప్రభుత్వం చేతులెత్తేసింది. మూడుకోట్ల అరవై లక్షల పౌన్లు నేలపాలు. ఈ పంట ఎగుమతి కోసమే దక్షిణాన మ్త్వారా అనే చోట ఒక రేవూ, దానికొక రైలుమార్గమూ కట్టారు. తర్వాత పట్టాలు కూడా పీకేశారు.

మావాడి మొహం చిన్నబోయింది. "అది సర్కారు డబ్బు మామా. మాది ప్రైవేటు."

"అదే చెబుతున్నా విను. ప్రైవేటు పెట్టుబడి కథ అదే ఖండంలో పడమటి వైపు ఉంది."

ఉత్తర నైజీరియాలో కానో అనే పాత నగరం ఉంది. నేతకూ నీలిమందు అద్దకానికీ తరతరాలుగా పేరు. 1911లో రైలు అక్కడికి చేరింది. దాని వెనకున్న ఆశ పత్తి. లాంకషైర్ మిల్లుల వాళ్ళు బ్రిటిష్ కాటన్ గ్రోయింగ్ అసోసియేషన్ అని పెట్టుకుని, కానో రైతు పత్తి వేస్తాడు, మన మిల్లులు ఆడతాయి అనుకున్నారు. రైలొచ్చింది. రైతు పత్తి ఇవ్వలేదు, శనక్కాయ తెచ్చి స్టేషను ముందు పోశాడు!

ఎందుకని? రైతు లెక్క రైతుది. అతని పత్తికి మిల్లుల వాళ్ళ కంటే ఊళ్ళో సాలెవాళ్ళే మంచి ధర ఇస్తున్నారు. శనక్కాయకు యూరపులో వనస్పతి, సబ్బుల వాళ్ళ గిరాకీ ఉంది. పైగా అది అమ్ముడుపోకపోతే ఇంట్లో తినొచ్చు, పత్తిని తినలేం గదా. హౌసా వర్తకులు అప్పటికే కోలాకాయల బేరం, పశువుల బేరం చేస్తూ ఊరూరా తిరిగేవాళ్ళు. వాళ్ళే ఉప్పూ గుడ్డలూ ముందుగా ఇచ్చి, పంటకు మాట పుచ్చుకున్నారు. ఎవరూ బుల్డోజరు తేలేదు. 1912లో రెండున్నరవేల టన్నులున్న ఎగుమతి, మరుసటేడు సుమారు 19 వేలకు ఎగబాకింది. భూమి రైతుది, రెక్కలూ రైతువే. అన్నిటికంటే పెద్ద ప్రైవేటు పెట్టుబడి అదే, ఏ పుస్తకం అట్టమీదా వెయ్యరు గానీ!

అంతా పాలూ తేనే అని చెప్పను. 1913-14లో కానోలో వానలు పోయి ఘోరమైన కరువొచ్చింది. తిండిగింజల నేల తగ్గించి కాయ వేసుకున్నవాళ్ళ బాధ చెప్పనలవి కాదు. ఆ దెబ్బ తిని కూడా రైతు మళ్ళీ నిలబడ్డాడు. తర్వాతి రోజుల్లో అల్హసన్ దంతాతా అనే కోలాకాయల వర్తకుడు ఈ బేరంలో దిగి, పశ్చిమాఫ్రికాలోనే గొప్ప ధనవంతుడయ్యాడు. నేటి ఆఫ్రికా కోటీశ్వరుల్లో మొదటగా చెప్పుకునే అలీకో డాంగోటే ఆయన మునిమనవడే. పంట ఎంత పెరిగిందంటే, రైలుపెట్టెలు చాలక బస్తాల్ని పిరమిడ్ల ఆకారంలో పేర్చేవాళ్ళు. ఒక్కో దాంట్లో సుమారు 15 వేల బస్తాలు. ఊళ్ళో మిగిలిన కాయను ఆడవాళ్ళు దంచి నూనె తీసి, ఆ పిండినే వేయించి 'కులికులి' అని అమ్ముకునేవాళ్ళు, ఇప్పటికీ అమ్ముకుంటున్నారు. విలువ గొలుసు కాదుటండీ అది?

ఇందులో తమాషా ఏమిటంటే, కానోలో ఈ కాయల్ని కొనే కంపెనీల్లో పెద్దది ఆ యునైటెడ్ ఆఫ్రికా కంపెనీయే. రైతు పండించి తెచ్చిన కాయ కానోలో గుట్టలుగా పడి ఉంటే, ఆ గుట్టల్ని రేవుకు చేర్చడానికి ఇంజన్లూ పెట్టెలూ చాలని రోజుల్లోనే, అటు కొంగ్వాలో ముళ్ళపొదలు పీకడానికి కోట్లు పోశారు. దాంట్లో కాస్త తీసి కానో రైలుకు పెట్టి ఉంటే!

"మరి ఆ పిరమిడ్లు ఇప్పుడున్నాయా మామా?"

లేవు. అదీ చెప్పాలి. 1949లో వేరుశనగకు మార్కెటింగు బోర్డు పెట్టారు. మంచి ఏట కొంత సొమ్ము పట్టి ఉంచి, చెడ్డ ఏట రైతుకు అందిస్తాం అన్నారు. పట్టి ఉంచడం చక్కగా జరిగింది. అందించడమే సరిగా జరగలేదు. ప్రపంచ ధర ఎక్కడో, రైతు చేతికొచ్చేది ఎక్కడో. ఆర్థికశాస్త్రవేత్త పీటర్ బాయర్ 1954లోనే పుస్తకం రాసి మొత్తుకున్నాడు. తర్వాత నైజీరియాలో భూమిలోంచి ఇంకో నూనె బయటికొచ్చింది, పెట్రోలు. శనగనూనె మాట ఎవరికి కావాలి? 1970ల మొదట్లో కరువు. 1975లో పేనుబంక మోసుకొచ్చిన రోజెట్ తెగులు సుమారు 7 లక్షల హెక్టార్ల పైరును ముంచింది. ధర ఉంటే తెగులు తర్వాత మళ్ళీ విత్తుదురు. ధర లేదు, రైతు జొన్నకూ సజ్జకూ మళ్ళాడు. 1986లో బోర్డుల్ని ఎత్తేసేసరికి పిరమిడ్లు పాత ఫోటోల్లో మిగిలాయి. కొంగ్వాలో గొలుసు కట్టకుండానే తెగింది. కానోలో కట్టిన గొలుసు, బరువుండే కొసకు కూలి ముట్టక తెగింది.

ఆ రోజెట్ తెగులుకు విరుగుడు వెదికిన వాళ్ళలో మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళున్నారు. 1972లో పెట్టిన సంస్థ. వాళ్ళూ నైజీరియా శాస్త్రవేత్తలూ కలిసి తెగులును తట్టుకునే రకాలు తెచ్చారు. మలావీలో కాయను గాలి ఆడేలా వామి వేసి ఆరబెట్టడం నేర్పుతున్నారు. ఎందుకంటే తడికాయకు పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాస్త హద్దు దాటితే యూరపు వాళ్ళు ఓడనే తిప్పి పంపేస్తారు. ఆరబెట్టడం చిన్న పనే, కాని ఓడంత సరుకు విలువ దానిమీద నిలబడి ఉంది.

ఆ మ్త్వారా రేవు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వేరుశనగ రాలేదు గాని రేవు వృథా పోలేదు. ఆ చుట్టుపక్కల చిన్నరైతుల జీడితోటలున్నాయి. ఇప్పుడక్కడ ఓడకెక్కేది జీడిగింజ. చాలావరకు ఒలవకుండానే మన దేశానికీ వియత్నాంకీ వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పలాసలో ఆఫ్రికా గింజను కాల్చి, పగలగొట్టి, పొట్టు తీసి, గ్రేడు కట్టే చేతులెన్నో ఉన్నాయి. ఆ కూలీ, ఆ లాభమూ మనవాళ్ళకు దక్కుతున్నాయి, సంతోషమే. అయితే ఆ పని అక్కడే చేసుకుందామని వాళ్ళు అనుకోవడం మాత్రం తప్పా? 2003లో మపూటోలో ఆఫ్రికా దేశాలన్నీ కూడి, బడ్జెట్లో పదోవంతు వ్యవసాయానికి పెడతామని ఒట్టేసుకున్నాయి. 2014లో మలాబోలో ఆ ఒట్టు మళ్ళీ వేశాయి. ఒట్టు నిలబెట్టుకున్న దేశాలు తక్కువే. అందుకే ప్రైవేటు డబ్బును రమ్మంటున్నారు. రమ్మనడంలో తప్పులేదు. వచ్చినవాడు ఏ కొస పట్టుకుంటాడన్నదే ప్రశ్న.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇంతలో మా ఆవిడ ఉడకేసిన శనక్కాయలు పళ్ళెంలో తెచ్చిపెట్టింది. రెండు ఒలుచుకుని వాడే అడిగాడు. "అయితే వెళ్ళొద్దంటావా మామా?"

"వద్దనను. వెళ్ళు. ఒక పంటకాలం అక్కడుండి రా. ఆ నేలలో ఇప్పుడెవరు ఏం పండిస్తున్నారో, కాయ ఎక్కడ ఆరబెడుతున్నారో, ఎవరికి ఎంతకు అమ్ముతున్నారో చూడు. వాళ్ళు పండించిందే సరైన తూకానికి కొని, ఒలిచే మరో, గోదామో పెట్టగలవేమో ఆలోచించు. దానికి పదివేల ఎకరాలు అక్కర్లేదు. మీ నాయన ఏడెకరాలు అమ్మనూ అక్కర్లేదు. ట్రాక్టరు తర్వాత కొందువు గానీ, ముందొక మంచి కాటా కొను. తరుగు తియ్యని కాటా."

వాడు నవ్వాడు. నున్నటి పుస్తకం మా బల్లమీదే వదిలేసి, జేబునిండా కాయలు పోసుకుని వెళ్ళాడు. మర్నాడు మా అక్క ఫోను చేసింది. పొలం బేరం ప్రస్తుతానికి ఆపారట. టాంజానియాకు టిక్కెట్టు మాత్రం కొన్నాడట, రానూ పోనూ.