గుడియాత్తం ఇంట్లో విజయవాడ స్టేషన్

మా ఇంట్లో ఇప్పుడు రేడియో లేదు గానీ రేడియో లైసెన్సు పుస్తకం ఉంది. గుడియాత్తంలో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, మగ్గం సామాన్ల పెట్టె అడుగున దొరికింది. రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో ఏడాదికోసారి డబ్బు కట్టి, స్టాంపు అంటించి, ముద్ర వేయించుకోవాల్సిన కాలం ఒకటి ఉండేదని మా పిల్లలకి తెలియదు. 1980లలో ఆ పద్ధతి పోయింది. పుస్తకం మీద తాత పేరు తమిళంలో ఉంది. చివరి పేజీలో పెన్సిలుతో తెలుగులో రెండు మాటలు, రెండు అంకెలు: విజయవాడ 837, కడప 900.

రెండూ మీడియం వేవ్ స్టేషన్ల అంకెలు. తాత తెలుగులో రాసినవి మాకు మిగిలింది ఇంతే.

తెలుగు ఇక్కడికి ఎక్కడినుంచో వచ్చింది కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా పలమనేరు, చిత్తూరు, గుడియాత్తం, వేలూరు అన్నీ ఒకటే ఉత్తర ఆర్కాటు జిల్లా. అప్పుడు జిల్లా రెండయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మధ్యలో ఉన్నది రాష్ట్రాల సరిహద్దే అయింది. పెళ్ళి సంబంధాలు ఆ పక్క, బడి ఈ పక్క. ఇంట్లో మాట తెలుగు, పలక మీద అక్షరం తమిళం. ఈ రెంటి మధ్య రేడియో వచ్చి కూర్చుంది.

మన వైపు రేడియో మొదలుపెట్టింది సర్కారు కాదు. 1924లో మద్రాసులో సి. వి. కృష్ణస్వామి చెట్టి పూనుకుని ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టించారు. సభ్యుల డబ్బుతో నడిచింది. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. ఆ యంత్రాలు మద్రాసు కార్పొరేషన్ చేతికి వచ్చాయి. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషనే, అంటే రోడ్లూ దీపాలూ చూసే ఆఫీసే, పాటలు కూడా వినిపించింది. ఇంట్లో సెట్టు లేనివాళ్ళ కోసం మెరీనాలోనూ పార్కుల్లోనూ లౌడుస్పీకర్లు పెట్టారు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు స్టేషన్ ఎగ్మూరులో మొదలైంది. తమిళం, తెలుగు రెండూ అక్కడినుంచే.

ఆ స్టేషన్ చుట్టూ ఒక సంగీత లోకమే తయారయింది. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో అక్కడ చేరారు. కచేరీ పాట కాక, సినిమా పాట కాక, రేడియో కోసమే పుట్టిన లలిత సంగీతానికి తెలుగులో రూపం ఇచ్చినవాళ్ళలో ఆయన ముందు వరసలో ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయన రాసి, బాణీ కట్టిన తెలుగు పాట మద్రాసు నుంచే వినిపించింది. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఎ. ఎం. రాజా పచ్చయప్ప కాలేజీలో చదువుతూ గ్రామఫోను రికార్డు ఇచ్చారు. ఆ పాటలు రేడియోలో విని జెమినీ వాసన్ పిలిపించారని, అలా ‘సంసారం’లో పాడారని చెబుతారు. మా ఇంట్లో ఆయన్ని ‘మన పక్కవాడు’ అనే అనేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు, ప్రాంతం ఒకటి, అంతే.

1948 డిసెంబర్ 1న విజయవాడ స్టేషన్ వచ్చింది. తెలుగు రేడియోకి కేంద్రం క్రమంగా అటు జరిగింది. ఇక్కడివాళ్ళకి అది దూరం. గుడియాత్తం నుంచి విజయవాడ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. 1963లో కడప స్టేషన్ వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. అది సగం దూరం కూడా లేదు.

తాత మాత్రం విజయవాడ కోసమే తెల్లవారుజామున లేచేవాడట. కారణం భక్తిరంజని. బాలమురళీకృష్ణ గారు విజయవాడలో ఉన్నప్పుడు రూపుదిద్దిన కార్యక్రమం. ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటి పెద్దలు స్టేషన్ వాళ్ళుగా ఉండి పాడిన రోజులవి. ధనుర్మాసంలో పాట గణగణమని వచ్చేది. ఎండాకాలం వస్తే గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. అవ్వ సెట్టు చెడిపోయిందనేది. తాత, “సెట్టుకేం కాలేదే, ఎండాకాలం విజయవాడ దూరం పోతుంది” అనేవాడు.

మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అని చూడటమే మా పని. తాత చెప్పింది నిజమేనని లెక్క వేస్తే తెలిసింది. మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట ఆకాశంలో పైపొరకి తగిలి తిరిగి చాలా దూరాన దిగుతాయి. సూర్యుడు వచ్చాక కింద ఇంకో పొర ఏర్పడి వాటిని మింగేస్తుంది. ధనుర్మాసంలో మన వైపు పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక. ఎండాకాలంలో ఆరు కాకముందే. పాట వచ్చేది ఆరు ప్రాంతంలో. అదీ సంగతి.

తాత ఎందుకు అంత పట్టుబట్టి వినేవాడో మాకు చాలా రోజులు అర్థం కాలేదు. శనివారం భజనలో పాడటానికి అనుకున్నాం. అది సగమే. భజన గోష్ఠి నోటుబుక్కు తిరగేశాక మిగతా సగం తెలిసింది. పాటలన్నీ తెలుగే, రాసింది తమిళ లిపిలో. తమిళంలో క, గ లకి ఒకటే అక్షరం, త, థ, ద, ధ లకి ఒకటే. కథ, గద, గత, కద అన్నీ ఒకే రెండక్షరాలు. పలుకు చెవిలో ఉంటేనే ఆ నోటుబుక్కు పనికొస్తుంది. తాత విజయవాడ పెట్టుకుని పలుకు సరిచూసుకునేవాడు. మా భాషలో చెప్పాలంటే అది ఆయన టెస్టింగు.

అయితే రేడియో అన్నిటినీ మోయలేదు. భజనలో హార్మోనియం లేకపోతే కుదరదు. ఆలిండియా రేడియో మాత్రం 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు, అది మన గమకాలకి పనికిరాదని. 1952లో మంత్రి అయిన కేస్కర్ సినిమా పాటలు తగ్గిస్తే జనం రేడియో సిలోన్‌కి తిరిగారు. 1957లో వివిధ భారతి పెట్టాక గానీ అందరూ వెనక్కి రాలేదు. ఏది సంగీతం, ఏది కాదు అని స్టేషన్ తేల్చేది. ఊరి గోష్ఠి పాట ఆ గడప దాకా పోనేలేదు.

మా నాయన పని కోసం కర్ణాటక చేరడంతో మేం కన్నడ మీడియంలో చదివాం. ఆకాశవాణి అన్న పేరు మైసూరుదని, 1935లో ప్రొఫెసర్ గోపాలస్వామి తన ఇంట్లో పెట్టిన స్టేషన్ పేరే తర్వాత దేశమంతటికీ వచ్చిందని అక్కడే తెలుసుకున్నాం. కన్నడ అక్షరం తెలుగుకి అక్కలాంటిది కాబట్టి తెలుగు చదవడం పెద్దయ్యాక పట్టుబడింది. పలకడం మాత్రం చెవితోనే.

న్యూజెర్సీలో ఉండే మా చిన్నాన్న కొడుకు పోయినసారి వచ్చినప్పుడు ఒక మాట చెప్పాడు. న్యూవార్క్‌లో డబ్ల్యూబీజీఓ అని జాజ్ స్టేషన్ 1979 నుంచి నడుస్తోందట, వినేవాళ్ళు చందాలు ఇస్తారట. వీడూ ఇస్తాడట. “జాజ్ నీకు అర్థమౌతుందారా?” అంటే, “వాళ్ళ పాట వాళ్ళు దాచుకుంటున్నారు కదా, అది చూస్తే ముచ్చటగా ఉంది” అన్నాడు. 1924లో మద్రాసు క్లబ్బు చేయబోయిందీ అదే. మూడేళ్ళే నిలిచింది.

తాత నోటుబుక్కులో నలభై ఒక్క పాటలు ఉన్నాయి. రేడియోలో వచ్చినవి మేం ఇప్పుడు వెతికి, విని, తెలుగులో తిరిగి రాసుకుంటున్నాం. పంతొమ్మిది తేలాయి. మిగతావి గోష్ఠి సొంత పాటలు, ఎక్కడా రికార్డు లేదు. వాటిలో కథ ఎక్కడో, గద ఎక్కడో చెప్పగలిగిన పెద్దలు వేలూరులో ఒకరు, గుడియాత్తంలో ఇద్దరు మిగిలారు. ఒకరికి ఎనభై ఆరు. పొంగలికి ఫోను పట్టుకుని వాళ్ళ ముందు కూర్చోబోతున్నాం. మీ ఇంట్లోనూ ఇలా తెలుగు పాట తమిళంలోనో కన్నడంలోనో రాసిన నోటుబుక్కు ఉంటే, లిపి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ గొంతు పట్టుకోండి.