వాదమునకు ప్రమాణమేది?
(మన తాలూకాల చరిత్రనుండి విద్యార్థులకు కొన్ని ఉదాహరణములు)

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన తెలుగు కుటుంబముల బిడ్డలు ఇంట తెలుగు మాట్లాడుచు, బడిలో కన్నడము చదువుచు పెరుగుచున్నారు. అందువలన తమ ఊళ్ళ చరిత్ర వారికి రెండు విధములుగా చేరుచున్నది. ఈ సీమ అనాదినుండియు తెలుగువారిదే యని ఒకరు వ్రాయుదురు. తెలుగువారు నడుమ వచ్చి చేరినవారే యని మరియొకరు వ్రాయుదురు. రెండు మాటలును అచ్చులోనే కనబడును. అచ్చుపడినదెల్ల సత్యమనుకొన్న విద్యార్థి, ఏ పుస్తకమును కడపట చదివిన ఆ పక్షమువాడగును. రెండింటిని తూచి చూడగలిగిన విద్యార్థియే ఏ సభలోనైన తలయెత్తి మాటాడగలడు. ఆ తూనికను గూర్చి, మన ఊళ్ళ సంగతులనే ఆధారముగా గొని, కొంత విన్నవింతును.

వాదమును పరీక్షించు విద్య మన పెద్దలకు తెలియనిది కాదు. ఆంధ్రుడని ప్రసిద్ధి వహించిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహము తరతరముల విద్యార్థులకు మొదటి తర్కపాఠము. ఇతరులకు నచ్చజెప్పు వాదమునకు ఐదు అవయవములుండవలెనని అందు కలదు. చెప్పదలచిన మాట ప్రతిజ్ఞ. దానికి కారణము హేతువు. ఆ కారణమున్నచోట ఆ ఫలము తప్పక ఉండునని చూపునది ఉదాహరణము. ఆ నియమమును ప్రస్తుత విషయమునకు అన్వయించుట ఉపనయము. తేలిన మాటను స్థిరపరచుట నిగమనము. కొండమీద నిప్పున్నది; ఏలయనగా పొగయున్నది; పొగయున్నచోటనెల్ల నిప్పుండును, వంటయింట వలె; ఈ కొండమీదను అట్టి పొగయున్నది; కావున నిప్పున్నది. ఇది బాలురకు చెప్పు దృష్టాంతము.

ఈ దృష్టాంతమును పరీక్షించుటకు మనకు నందికొండ చాలును. తెల్లవారుజామున నందికొండకు పోయినవారు శిఖరమును కప్పిన తెల్లని దానిని చూచియే యుందురు. దూరమునుండి అది పొగవలెనే యుండును. కాని అది మంచు. దానిని పొగయనుకొని నిప్పున్నదని వాదించువాని తర్కమున క్రమలోపము లేదు. హేతువే లేదు. ఇట్టి దోషమును శాస్త్రకారులు అసిద్ధమనిరి. హేతువువలె కనబడి హేతువు కానివానికి హేత్వాభాసములని పేరు. చరిత్రవ్రాతలలో ఇవి ఎట్లు దాగియుండునో చూతము.

మొదటిది చిక్కబళ్ళాపురము పుట్టుక. ఆవతి ప్రభువుల వంశమువారు 1479 ప్రాంతమున ఈ పట్టణమును నెలకొల్పిరని చెప్పుదురు. దానికొక కథ కలదు. కోడిమంచనహళ్ళి అడవిలో ప్రభువు వేటాడుచుండగా, ఒక కుందేలు వేటకుక్కలకు భయపడక ఎదురునిలిచెనట. ఇది వీరభూమియని తలచి ఆయన అచట కోట కట్టించెనట. కథ రమ్యముగనే యున్నది. కాని విజయనగర స్థాపనను గూర్చి హరిహరబుక్కరాయల విషయమునను ఇదే కథ చెప్పుదురు. 1411లో అహమ్మదాబాదును నెలకొల్పిన అహమ్మదుషా విషయమునను ఇదే కథ కలదు. ఇన్ని ఊళ్ళలో కుందేళ్ళు కుక్కలపై తిరుగబడెనని నమ్ముట కంటె, కోట కట్టిన ప్రభువులకు తమ నేలను వీరభూమియనిపించుకొను కోరిక యుండెనని నమ్ముట సులభము. కావున కుందేలు నందికొండ మంచు వంటిది. దానిపై వాదము కట్టరాదు. అట్లని కథను పారవేయనక్కరలేదు. కుందేలు సంగతిని అది రుజువు చేయదు గాని, ఆ కాలపువారు దేనిని గౌరవముగా నెంచిరో తెలుపును. ఒక సాక్ష్యము దేనికి చెల్లునో, దేనికి చెల్లదో విడదీసి చూచుటయే పరీక్షకుని మొదటి పని.

రెండవది బాగేపల్లి పేరు. 2025 జూలైలో నందికొండపై జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశమున ఈ ఊరికి భాగ్యనగరమని పేరుపెట్టుటకు నిర్ణయము జరిగినది. అది మొదలు 'పల్లి' యను మాటను గూర్చి చర్చ హెచ్చినది. 'పల్లి' తెలుగు మాట, కావున ఈ ఊరిని కట్టినవారు తెలుగువారే యని మనవారు కొందరందురు. మన మనస్సునకు ఇంపైన వాదమే గనుక దీనిని మరింత గట్టిగా పరీక్షింపవలెను. నేటి కన్నడమున హాలు, హులి, హూవు అనుమాటలు మన పాలు, పులి, పువ్వులకు సరియైనవి. ప్రాచీన కన్నడమున వీటికిని పకారమే యుండెను. పదవ శతాబ్ది మొదలుకొని క్రమముగా ఆ పకారము హకారమైనది. అట్లే పళ్ళి యనునది హళ్ళి యైనది. అరవమునను తిరుచిరాప్పళ్ళి వంటి పేళ్ళున్నవి. కావున పల్లియను హేతువు తెలుగూళ్ళలోను ఉండును, తెలుగు కాని ఊళ్ళలోను ఉండును. ఇట్లు రెండుచోట్లను తిరుగు హేతువునకు సవ్యభిచారమని పేరు. పకారము నేటివరకు నిలిచియుండుట, ఆ పేరు తెలుగు నోళ్ళలో పలుకబడుచు వచ్చినదనుటకు కొంత అనుకూలము. ఊరు కట్టినవాని భాషకు అది సాక్ష్యము కాదు. ఇదే తూనిక ఎదుటివారికిని చెల్లును. పల్లి పరభాషాపదము గనుక తొలగింపవలెనను వాదమును, పళ్ళి యను పూర్వరూపము కన్నడమునను కలదన్న క్షణముననే నిలువదు.

మూడవది చింతామణి తాలూకాలోని కైవారము. భారతమున భీముడు బకాసురుని వధించిన ఏకచక్రపురము ఇదేయని స్థలపురాణము. భక్తులకు ఆ మాట చాలును. కాని చరిత్రవ్యాసమున దానిని హేతువుగా వ్రాసినచో, బీహారులోని ఆరా పట్టణమువారును, వంగదేశమున వీరభూమి జిల్లాలోని ఏకచక్రా గ్రామమువారును తమ ఊరే ఏకచక్రపురమని అంతే బలముగా చెప్పుదురు. సమానబలము గల ఎదురుహేతువున్నప్పుడు దానిని సత్ప్రతిపక్షమందురు. అట్టిచోట ఒక పక్షమును గెలిపింప చూడక, ఇట్టి ప్రతీతి కలదని వ్రాసి ఊరకుండుట మర్యాద.

అదే కైవారమున దీనికంటె గట్టి సాక్ష్యమొకటి మనకు కలదు. తాతయ్యగారని ప్రజలు కొలుచు నారేయణ యోగీంద్రులు 1726లో జన్మించి 1836లో సమాధి చెందిరని సంప్రదాయము. ఆయన తెలుగునను కన్నడమునను రచనలు చేసిరి. అమరనారేయణ శతకము తెలుగు రచన. దీనినిబట్టి మనము చేయదగిన ప్రతిజ్ఞ చిన్నది: 18, 19 శతాబ్దులనాటికే ఈ సీమలో తెలుగు జనుల వాడుకలోను రచనలోను ఉన్నది, కన్నడముతో కలిసి ఉన్నది. నూటపది యేండ్ల ఆయుర్దాయమును ఒకరు శంకించినను, జన్మ సంవత్సరము కొన్ని యేండ్లు ముందువెనుకలైనను ఈ ప్రతిజ్ఞకు హాని లేదు. ఒక మేకు ఊడినను కూలని పందిరియే మంచి వాదము.

శాసనముల విషయము కూడ ఇట్టిదే. కోలారు జిల్లా శాసనములను బి. ఎల్. రైసు దొర ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటముగా 1905లో ప్రకటించెను. నేటి చిక్కబళ్ళాపుర జిల్లా 2007లో ఏర్పడువరకు కోలారు జిల్లాలోనిదే గనుక మన తాలూకాల శాసనములును అందే యున్నవి. కన్నడ శాసనములతోబాటు తెలుగు శాసనములును కలవు. ప్రతి శాసనమునకు తాలూకా వారీగా సంఖ్య వేయబడినది. 'శాసనములు ఘోషించుచున్నవి' అని మాత్రమే వ్రాసినవానిని అంతగా నమ్మరాదు. తాలూకా పేరు, శాసన సంఖ్య ఇచ్చినవాడు తన్ను పరీక్షింపుడని మనలను పిలుచుచున్నాడు. శాసనమునను అన్ని పంక్తులకు సమాన విలువ లేదు. ప్రభువును పొగడు భాగమున అత్యుక్తి సహజము. దానమిచ్చిన పొలము, దాని ఎల్లలు తెలుపు భాగమున అబద్ధమాడినచో ఇరుగుపొరుగు రైతులే తగవునకు వచ్చియుందురు. కావున ఆ భాగమునకు బరువు హెచ్చు.

ఇక మనకు మిక్కిలి దగ్గరి సంగతి. ఫజలాలీ అధ్యక్షుడుగా, కుంజ్రూ, పణిక్కరులు సభ్యులుగా ఏర్పడిన రాష్ట్ర పునర్విభజన సంఘము 1955 సెప్టెంబరులో తన నివేదిక సమర్పించినది. నాటి కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడువారు సగమునకు మించి యుండిరి. 'కావున జిల్లా ఆంధ్రమున చేరవలెను' అని దీనిపై వాదము కట్టవచ్చును. ఇందు హేతువు అసత్యము కాదు. జనాభా లెక్కలలో నున్నదే. కాని హేతువునకును ప్రతిజ్ఞకును నడుమ చెప్పని మాటయొకటి దాగియున్నది: సరిహద్దులను భాషయొక్కటియే నిర్ణయించునని. నిప్పున్నచోటనెల్ల పొగయుండదు, తడి కట్టెలున్నచోటనే యుండునని తర్కశాస్త్రము చెప్పును. ఈ చాటుననున్న నిబంధనకు ఉపాధియని పేరు. భాషతోబాటు పరిపాలన సౌకర్యము, ఆర్థిక సంబంధములు, దేశ సమైక్యత కూడ చూడవలెనని సంఘము ఎంచినది. 1956 నవంబరు 1న రాష్ట్రములు మారినను కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది.

కచేరీలలో పనిచేసినవారికి ఇట్టివి అలవాటే. ఒక సర్వే నంబరు భూమికి అర్జీ వ్రాసి మరియొక నంబరు పహణీ నకలు జతపరచినచో, నకలు నిక్కమైనదే యైనను ఆ అర్జీకి పనికిరాదు. ఆ నకలును తగిన అర్జీకి జతపరచిననే ఫలము. జిల్లాలో తెలుగువారు పెక్కుమంది యనుసంగతి సరిహద్దు అర్జీకి చాలలేదు. కాని అదే 1956లో రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణ 350-ఎ అధికరణమును చేర్చినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములకు చెప్పుచున్నది. తెలుగు బడి కావలెను, తెలుగు ఉపాధ్యాయుడు కావలెను అను అర్జీకి ఆ సాక్ష్యము సరిగా సరిపోవును. పెద్ద మాటకు చాలని సాక్ష్యము చిన్న మాటను గెలిపించును. ఆ చిన్న మాటయే మన బిడ్డలకు అన్నము పెట్టునది.

కొన్ని తగవులలో అసలు వైరుధ్యమే యుండదు. విశ్వేశ్వరయ్యగారు మావారే యని కన్నడిగులు, మావారే యని తెలుగువారు వాదులాడుకొందురు. ఆయన పుట్టినది చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళి. ఇంటిపేరైన మోక్షగుండము ఆంధ్రప్రదేశమున గిద్దలూరు ప్రాంతపు గ్రామము, పూర్వులు అచటివారు. రెండు మాటలును నిజమే. ఒకటి నిలుచుటకు మరియొకటి పడనక్కరలేదు. వాదమునకు దిగకముందు ఈ పరీక్ష చేసికొన్నచో సగము కలహములు తీరును.

కావున విద్యార్థులు ఏ వ్యాసము చదివినను పెన్సిలు చేతబట్టి ప్రతిజ్ఞ క్రింద ఒక గీత, హేతువు క్రింద ఒక గీత గీయవలెను. ఆ హేతువు పొగయో మంచో చూడవలెను. ఎదుటిపక్షమునను అదే హేతువు కలదేమో చూడవలెను. నడుమ చెప్పక దాచిన నిబంధన యేదో అడుగవలెను. వ్రాసినవాడు సంగతి జరిగిన ఎంత కాలమునకు వ్రాసెనో, ఎవరివద్ద వినెనో తెలిసికొనవలెను. ముఖ్యముగా, మన పక్షపు వ్రాతలను ఎదుటివారి వ్రాతలకంటె ముందుగా ఇట్లు పరీక్షింపవలెను. మనమే కనిపెట్టిన దోషమును దిద్దుకొనవచ్చును; ఎదుటివారు సభలో కనిపెట్టినచో దానితోబాటు మన నిజమైన మాటలును కొట్టుకొనిపోవును.

ఈ వ్యాసమును కూడ ఇట్లే పరీక్షింపుడు. 1905నాటి సంపుటమును, 1955నాటి నివేదికను తెరచి చూడుడు. తూకమునకు తగ్గిన మాట ఇందేదైన కనబడినచో, వచ్చు సంచికకు సాక్ష్యముతో వ్రాసి పంపుడు.