జేబులో పట్టే పిస్తోలు, మణియాచ్చి స్టేషను

జూన్ 17 దగ్గర పడేకొద్దీ మన గ్రూపుల్లో వాంచినాథన్ బొమ్మ తిరగడం మొదలవుతుంది. చాలా బొమ్మల్లో ఆయన చేతిలో పెద్ద రివాల్వరు పెడతారు. పొడుగాటి గొట్టం, నడుమ గుండ్రంగా తిరిగే చక్రం, సినిమాలో గుర్రమెక్కి వచ్చే దొంగ దగ్గర ఉండేలాంటిది. 1911లో మణియాచ్చి స్టేషనులో పేలింది అది కాదు. బెల్జియంలో చేసిన బ్రౌనింగ్ ఆటోమేటిక్ పిస్తోలు. పలచగా ఉంటుంది, కోటు జేబులో వేసుకుంటే పైకి తెలియదు.

బొమ్మ తప్పైతే ఏమైందిలే అనకండి. అంత చిన్న తుపాకీనే ఎందుకు ఎంచుకున్నారు అన్న ప్రశ్న పట్టుకుని లాగితే, మన తిరునల్వేలి సీమ వందేళ్ల చరిత్ర దాని వెంట వస్తుంది. అందులో మన తెలుగు పాలెగాళ్ల కథ కూడా ఉంది. అందుకే కొంచెం వెనకనుంచి మొదలుపెడతాను. ఓపికగా చదవండి.

పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన, ఎట్టయాపురం దొరలు ఇద్దరూ ఇంట్లో తెలుగు మాట్లాడే వంశాలవాళ్లే. ఒకరు కంపెనీని ఎదిరించారు, ఒకరు కంపెనీ పక్కన నిలబడ్డారు. కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. ఆ తమ్ముడు ఊమైదురై జైలు తప్పించుకుని వచ్చి కోట మళ్లీ కట్టి 1801లో ఇంకోసారి యుద్ధం చేశాడు. ఇవన్నీ మనకు తెలిసినవే. మనం అంతగా చెప్పుకోనిది ఆ ఏడాది చివర జరిగింది. 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు క్లైవు (ప్లాసీ క్లైవు కాదు, ఆయన కొడుకు ఎడ్వర్డు) ఒక ప్రకటన వేయించాడు. పాలెగాళ్ల సీమలో ఆయుధాలు ఉంచుకోకూడదు, తుపాకులు అప్పగించాలి, కోటలు పడగొట్టాలి. ఎదిరించినవాళ్లకూ సాయం చేసినవాళ్లకూ ఒకటే మాట.

అప్పటిదాకా ఆయుధం అంటే పదిమందికీ కనబడేది. కావలికాసేవాడి భుజాన బల్లెం, పాలెగాడి వెంట నడిచే బంట్ల చేతుల్లో నాటు తుపాకులు, పెద్దమనిషి నడుముకు కత్తి. దాచుకునే ఆయుధం ఏదైనా ఉంటే రొంటిన దోపుకునే పిడిబాకు, అంతే. కనబడటమే దాని పని, అది ఉందని ఎదుటివాడికి తెలియాలి. 1801 తర్వాత ఆ కనబడటం నేరమైపోయింది.

1857 తిరుగుబాటు తర్వాత దేశమంతటికీ అదే పద్ధతి పాకింది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆయుధాల చట్టం, పదకొండో నంబరు చట్టం, లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడాన్ని నేరం చేసింది. తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు. మన కర్ణాటక సభ్యులు ఇక్కడ కొడగు సంగతి గుర్తు చేస్తారు, నిజమే. కొడవలకు 1861 నుంచే మినహాయింపు ఉంది, ఈనాటికీ నడుస్తోంది. మిగతావాళ్లకు చేలో పడే పందిని బెదరగొట్టే నాటు తుపాకీకి కూడా కచేరీ చుట్టూ తిరగవలసిందే.

ఇక తుపాకీ సంగతి. అమెరికాలో యూటా రాష్ట్రపు ఆగ్డెన్ ఊరివాడు జాన్ బ్రౌనింగ్. బెల్జియంలో లియేజ్ పక్కన హెర్‌స్టాల్ అనే ఊళ్లో ఉన్న ఎఫ్.ఎన్. అనే కార్ఖానాతో 1897లో ఒప్పందం చేసుకున్నాడు. 1900 నమూనాగా పేరుబడిన పిస్తోలు అందులోంచి వచ్చింది. బరువు 625 గ్రాములు, పొడవు ఏడంగుళాల లోపే, తూటా 7.65 మిల్లీమీటర్లది, పిడి లోపల ఏడు తూటాల పెట్టె. సైన్యంలో వాడే వెబ్లీ రివాల్వరు కిలో దాటి తూగేది.

బరువొక్కటే కాదు. రివాల్వరు చక్రం రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉంటుంది, జేబులో పెడితే ఎత్తు కనబడుతుంది. వెనక సుత్తి కొక్కెంలా పైకి ఉంటుంది, తీసేటప్పుడు గుడ్డకు తగులుకుంటుంది. బ్రౌనింగ్ పిస్తోలులో తూటాలు పిడిలోకే వెళ్లిపోయాయి, దెబ్బకొట్టే ముక్క లోపలే దాగిపోయింది. పైన గీసుకునేది ఏమీ లేదు. ఒక తూటా పేలితే ఆ వెనక్కు తన్నే బలంతోనే ఖాళీ గొట్టం బయటపడి తరువాతి తూటా లోపలికి వస్తుంది. ఎక్కువ సాధన లేనివాడు కూడా గబగబా కాల్చగలడు. 1905 తర్వాత ఇంకా చిన్నది వచ్చింది, 6.35 మిల్లీమీటర్ల తూటాది, వెయిస్టుకోటు జేబులో పట్టేది, నాలుగు వందల గ్రాములు కూడా ఉండదు. కానీ గొట్టం రెండంగుళాలే, దెబ్బలో బలం తక్కువ. అప్పటికీ ఇప్పటికీ చిన్న పిస్తోలు ఎంచుకునేవాడి చిక్కు ఇదే. ఎంత దాగితే అంత బలం తగ్గుతుంది. 7.65 ఆ రెంటికీ నడుమ నిలబడింది. ఐరోపాలో అది ఎంత పాకిందంటే, ఫ్రెంచివాళ్లు ఏ పిస్తోలునైనా "బ్రౌనింగ్" అనేసేవారు.

ఇంకో మాట. జేబు పిస్తోలుకు ముందు జేబు ఉండాలి గదా. పంచె, ఉత్తరీయం కట్టుకునే మనదేశంలో చదువుకున్న కుర్రవాళ్లు పంచె మీద కోటు తొడగడం మొదలుపెట్టిన కాలం అది. ఆ కోటు జేబు లేకపోతే ఈ కథలో సగం లేదు.

లండన్లో సంగతి చూడండి. అక్కడ 1903లో వచ్చిన పిస్తోళ్ల చట్టం ప్రకారం గొట్టం తొమ్మిది అంగుళాలు మించనిదాన్ని పిస్తోలు అన్నారు. పది షిల్లింగులు కట్టి పోస్టాఫీసులో తీసుకునే తుపాకీ లైసెన్సు చూపిస్తే అంగట్లో కొనుక్కోవచ్చు. మదన్‌లాల్ ధింగ్రా అలాగే లైసెన్సు తీసుకుని కోల్ట్ ఆటోమేటిక్ కొన్నాడు, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో గురి నేర్చుకున్నాడు. 1909 జులై 1న ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్ సభలో కర్జన్ వైలీని కాల్చాడు. అడ్డం వచ్చిన పార్శీ డాక్టరు లాల్‌కాకా కూడా ఆ తూటాలకే పోయాడు. ఒకే సామ్రాజ్యం, ఒకే రాజు. అక్కడ చదువుకునే భారతీయ కుర్రవాడు దుకాణంలో కొనగలిగిన వస్తువు ఇక్కడ వాడి తండ్రి ఇంట్లో ఉంటే జైలు.

అందువల్ల ఇక్కడికి రావాలంటే దొంగతనంగా రావాలి, దొంగతనంగా రావాలంటే చిన్నదై ఉండాలి. ప్యారిస్‌లో సంపాదించిన ఇరవై బ్రౌనింగ్ పిస్తోళ్లను సావర్కర్ 1909లో బొంబాయికి పంపించాడు. ఇండియా హౌస్‌లో వంట చేసే చతుర్భుజ్ అమీన్ పెట్టెకు అడుగున దొంగ అర కట్టి అందులో పెట్టారు. ఇరవై రైఫిళ్లయితే పెట్టె అడుగున పడతాయా? వాటిలో ఒకదానితోనే అదే సంవత్సరం డిసెంబరు 21న నాసిక్ విజయానంద్ థియేటర్లో కలెక్టరు జాక్సన్ హత్య జరిగింది. ఆ పిస్తోలు పట్టిన అనంత్ కన్హేరేకు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు, ఔరంగాబాదులో, అంటే అప్పటి నిజాం రాజ్యంలో, చదువుకుంటున్నవాడు. చనిపోయిన జాక్సన్‌ను సంస్కృతం చదివినవాడని జనం పండిత జాక్సన్ అనేవాళ్లు, ఆ నాటకం ఆయన బదిలీకి వీడ్కోలుగా వేసినది. 1910 ఏప్రిల్ 19న కన్హేరేనూ ఇంకో ఇద్దరినీ ఠాణాలో ఉరి తీశారు. మహారాష్ట్ర సభ్యులకు ఇది బాగా తెలిసిన కథ.

మన దక్షిణాన దారి పుదుచ్చేరి మీదుగా. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహె, యానాం, చందర్‌నగర్ ఫ్రెంచివాళ్లవి గనుక బ్రిటిషు ఆయుధాల చట్టం ఆ గీత దగ్గర ఆగిపోతుంది. యానాం మిత్రులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. శారదా చట్టం వచ్చాక చుట్టుపక్కల గోదావరి ఊళ్లవాళ్లు పిల్లల పెళ్లిళ్లకు యానాం పరుగెత్తినట్టే, తుపాకీ విషయంలో చూపులు పుదుచ్చేరి వైపు పోయాయి. మన ఎట్టయాపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి 1908 నుంచి అక్కడే తలదాచుకున్నాడు. 1910లో అరవిందులు వచ్చారు. అదే ఏడు లండన్, ప్యారిస్ మీదుగా వ.వే.సు. అయ్యర్ వచ్చి కుర్రవాళ్లకు పిస్తోలు కాల్చడం నేర్పించాడు. సెంగోట్టైవాడు, తిరువాన్కూరు అటవీశాఖలో చిన్న ఉద్యోగం చేసే వాంచినాథన్ 1911 మొదట్లో పుదుచ్చేరి వెళ్లి ఆయన దగ్గర నేర్చుకున్నాడు.

1911 జూన్ 17. తిరునల్వేలి కలెక్టరు ఆష్, భార్య మేరీతో కలిసి కొడైక్కానల్లో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరాడు. మణియాచ్చిలో బండి ఆగింది, తూత్తుకుడి నుంచి వచ్చే బోట్ మెయిలు కోసం. ఉదయం పదిన్నర దాటింది. ఫస్టుక్లాసు పెట్టెలో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. వాంచి పెట్టెలోకి ఎక్కి దగ్గరనుంచి కాల్చాడు. ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి మరుగుదొడ్డిలో దూరి తనను తాను కాల్చుకున్నాడు. ఐదు రోజుల్లో లండన్లో ఐదో జార్జి పట్టాభిషేకం ఉంది, జేబులో దొరికిన ఉత్తరంలో ఆ కోపం కనబడుతుంది. స్వరాజ్యంతో పాటు సనాతన ధర్మం మాట కూడా ఆ ఉత్తరంలో ఉంది. అందుకే తమిళనాడులో ఈ మనిషిని తలుచుకోవడంలో నేటికీ రెండు పక్షాలున్నాయి. ఆ ఉత్తరాన్ని దాచిపెట్టి దండ వేయడం నాకు నచ్చదు. ఉత్తరం ఒక్కటే చూపించి మనిషిని కొట్టిపారేయడం కూడా నచ్చదు.

ఆ తరువాత జరిగింది మన పోస్టుల్లో రాదు. పద్నాలుగు మందిపై కేసు పెట్టారు, తొమ్మిది మందికి శిక్ష పడింది, నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్లు. పోలీసులు వెదుకుతుండగానే ఇంకో ఇద్దరు ప్రాణం తీసుకున్నారు. ఆష్ సమాధి పాళయంకోట్టైలో ఉంది. అటూ ఇటూ కలిపి లెక్కేసుకోండి, ఏడంగుళాలు కూడా లేని వస్తువు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో.

ఇక్కడ నాకు తోచిన సంగతి ఒకటి. దాచుకునే పిస్తోలు దగ్గరికి వెళ్లినవాడికే పనికొస్తుంది. దూరంనుంచి గురి చూసే గొట్టం కాదది. కాల్చేవాడు ఎదుటి మనిషి ముఖం కనబడేంత దగ్గరికి, జనం మధ్యకు, వెనక్కి దారిలేని చోటికి వెళ్లాలి. ధింగ్రా సభలో పట్టుబడ్డాడు, కన్హేరే థియేటర్లో పట్టుబడ్డాడు, వాంచి మరుగుదొడ్డి దాటి పోలేదు. అల్లూరి సీతారామరాజు మన్యంలో చేసింది దీనికి పూర్తిగా తిరగవేసిన పని. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి ఆయన తీసుకున్నవి పొడుగు తుపాకులు. అడవి ఉంది, కొండ ఉంది, వెంట మనుషులున్నారు, తుపాకీని దాచవలసిన పని లేదు. అందుకే ఆ పోరాటం రెండేళ్ల దాకా సాగింది. రైలుపెట్టెలో ఒంటరిగా నిలబడ్డ పాతికేళ్లవాడికి ఆ సదుపాయం ఎక్కడిది?

బొమ్మ వేసే తమ్ముళ్లను మరీ తప్పుపట్టను. ఇలాంటి పొరపాట్లు పెద్దపెద్దవాళ్లే చేశారు. 1914 జూన్ 28న సారయెవోలో ప్రిన్సిప్ వాడింది బ్రౌనింగ్ 1900 నమూనా అని పుస్తకాలన్నీ చాలాకాలం రాసుకుపోయాయి. తీరా ఆస్ట్రియాలో జెసూట్ పాదిరీల దగ్గర భద్రంగా ఉన్న అసలు తుపాకీ 2004లో బయటపడితే అది 1910 నమూనా, తూటా కూడా వేరే. ప్రపంచయుద్ధం తెచ్చిన తుపాకీకే తొంభై ఏళ్లు తప్పుపేరు నడిచింది. అయినా ఈ ఏడు బొమ్మ వేసేటప్పుడు ఆ చక్రం తీసేయండి, ఒక్క నిమిషం పని.

చివరగా, గ్రూపులో అప్పుడప్పుడూ "ఆత్మరక్షణకు చిన్న పిస్తోలు తీసుకుంటే ఏది మంచిది" అని అడిగే యువకుల కోసం. ఇక్కడ ఎంపిక మీ చేతిలో పెద్దగా లేదు. 1959 చట్టం కింద 9 మిల్లీమీటర్ల పిస్తోలు మామూలు పౌరుడికి నిషిద్ధం. లైసెన్సు మీద దొరికేది .32 బోరు. ప్రభుత్వ కార్ఖానాలో చేసిన అశని అనే పిస్తోలు అదే బోరుది. 2014లో కాన్పూరులో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ రివాల్వరు కూడా .32దే, అరకిలో బరువు, అప్పట్లో లక్షా ఇరవై రెండు వేలు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాలు ఉండే చోట రెండే మిగిలాయి. అశనిలో వేసే .32 తూటా ఏమిటో తెలుసా? బ్రౌనింగ్ తన మొదటి పిస్తోలు కోసం తయారుచేసిన 7.65 తూటానే, పేరు ఒక్కటే మారింది. మన సీమలో లైసెన్సు ఉన్న ఇళ్లవాళ్లు ఎన్నికల ప్రకటన వెలువడగానే దాన్ని గుడ్డలో చుట్టి పోలీసు స్టేషనుకు తీసుకెళ్లి అప్పగించి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని వస్తారు.