ఓడ పట్టీలలోని పూర్వులు

1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మదరాసునుండి నేటాలులోని డర్బను రేవు చేరినది. 1911 వరకు అట్లు ఒప్పందపు కూలీలుగా వెళ్లిన రమారమి 1,52,000 మందిలో విశాఖపట్టణం, గంజాం జిల్లాల తెలుగువారు అనేకులు. పూర్వుల ఊరు వెదకు మునిమనుమలకు ఓడ పట్టీయే మొదటి ఆధారము. కాని అందలి వివరములన్నిటికిని ఒకే విలువ కట్టరాదు.

కూలీ సంఖ్య నమ్మదగినది. తరువాతి కాగితములన్నియు దానినిబట్టియే నడచినవి. ఎత్తు, ఒంటి మచ్చలు మనిషిని గుర్తుపట్టుటకై వ్రాసినవి. అందు పొరపాటు సర్కారుకే నష్టము. వయస్సు కేవలము అంచనా. కులము దాచినవారును, మార్చి చెప్పినవారును లేకపోలేదు.

ఊరిపేరు చిక్కైనది. కూలీ పలికినదానిని గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసెను. ఆ లిపిలో 'ట'కును 'త'కును, 'ళ'కును 'ల'కును భేదము లేదు. కనుక దానిని బిగ్గరగా పలికి, తాలూకాతో సరిచూడవలెను. ఇంటిపేరుకై వెదకువారు మాత్రము నిరాశపడుదురు. తండ్రిపేరుకు గడి కలదు, ఇంటిపేరుకు లేదు.