ప్లాస్టిక్‌ల కోతబలం: కొలత పద్ధతుల చారిత్రక పరిశీలన

ఒక పదార్థాన్ని రెండు చివరలా పట్టి లాగితే ఎంత బరువుకు తెగుతుందో కొలవడం సులువు. ఒక పొర మీద మరొక పొర జారి తెగడానికి కావలసిన బలాన్ని, అంటే కోతబలాన్ని కొలవడం అంత సులువు కాదు. కోత ఒంటరిగా రాదు. వంపు, నొక్కుడు, రాపిడి దాని వెంటే వస్తాయి. వాటిని వదిలించుకునే ప్రయత్నాలే ఈ కొలత చరిత్రలో ప్రధానంగా కనిపిస్తాయి.

ఈ చిక్కు ప్లాస్టిక్‌లకన్నా పాతది. ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ 1773లో పారిస్ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన పత్రంలో బోర్డో రాతిపై తాను చేసిన పరీక్షలను వివరించాడు. చదరపు అంగుళానికి లాగుడులో 215, కోతలో 220 ఫ్రెంచి పౌన్ల బరువుకు రాయి తెగింది. తేడా స్వల్పమని అతడు రెండింటినీ సమానంగానే పరిగణించాడు. రాతికి సరిపోయిన ఈ సర్దుబాటు ప్లాస్టిక్‌లకు సరిపోదు.

1907లో బేక్‌లాండ్ బేకలైట్‌ను రూపొందించిన తరువాత, కాగితాన్నో గుడ్డనో ఫినాలిక్ రెసిన్‌లో తడిపి అదిమిన రేకులు విద్యుత్ పరికరాల్లోకి వచ్చాయి. ఆ రేకులకు కర్మాగారాల్లో పంచ్‌తో రంధ్రాలు కొట్టేవారు. పరీక్షాశాల పద్ధతి కూడా ఆ పనినే పోలి ఉంది. ఏఎస్‌టీఎం సంస్థ డి732 ప్రమాణం ప్రకారం 25.4 మిల్లీమీటర్ల వ్యాసం గల పంచ్‌ను రేకులోకి దించి, గరిష్ఠ బలాన్ని తెగిన అంచు వైశాల్యంతో భాగిస్తారు. రేకు మందం 3 మిల్లీమీటర్లయితే ఆ వైశాల్యం సుమారు 239 చదరపు మిల్లీమీటర్లు. లెక్క సరళమే గాని ఫలితం అంత స్వచ్ఛమైనది కాదు. పాలిథీన్ వంటి మెత్తని ప్లాస్టిక్ తెగడానికి ముందే సాగుతుంది. పంచ్‌కూ డైకీ మధ్య సందు మారితే అంకె కూడా మారుతుంది. ఇక పోగులతో బలపరచిన ప్లాస్టిక్‌లో గుండ్రని పంచ్ అన్ని దిశల పోగులనూ ఒకేసారి కోస్తుంది కనుక ఏ దిశలో ఎంత బలమో తెలియదు. విమాన భాగాల రూపకర్తకు కావలసింది సరిగ్గా ఆ వివరమే.

దీనికి దారి లోహాల పరీక్ష నుంచి దొరికింది. రుమేనియా పరిశోధకుడు నికొలాయ్ యొసిపెస్కు 1967లో ఆంగ్లంలో ప్రచురించిన వ్యాసంలో, చిన్న దూలానికి పైనా కిందా 90 డిగ్రీల వి-ఆకారపు గాట్లు పెట్టి, గాట్ల మధ్య వంపు భ్రామకం సున్నా అయ్యేలా బలాలను అమర్చాడు. గాట్ల వల్ల ఆ ఇరుకు భాగంలో కోత దాదాపు సమంగా పరచుకుంటుంది. వయోమింగ్ విశ్వవిద్యాలయంలో వాల్‌రాత్, ఆడమ్స్ ఈ పద్ధతిని పోగుల ప్లాస్టిక్‌లకు మలచి 1983లో ప్రకటించారు. అదే 1993లో డి5379 ప్రమాణమైంది.

అయినా వివాదం తీరలేదు. పోగులు పొడవునా ఉన్న నమూనాలో గాటు మొదట్లో ముందుగా పగులు పుడుతుంది, బలం కాస్త పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. ఈ రెండింటిలో పదార్థపు బలం ఏది? నమూనా తెగకుండా సాగుతూనే ఉంటే, కోత వికృతి 5 శాతానికి చేరిన చోట లెక్క ఆపాలని ప్రమాణం నిర్దేశించింది. ఆ 5 శాతం పదార్థం చెప్పిన హద్దు కాదు, పరీక్షకులు గీసుకున్న గీత. పట్టికల్లో కోతబలంగా అచ్చయ్యే అంకె ఒక్కోసారి అక్కడి నుంచే వస్తుంది. ముతక నేత గల పదార్థాలకు ఈ చిన్న నమూనా చాలకపోవడంతో, గాట్లను అలాగే ఉంచి నమూనాను పెద్దది చేసి, పట్టాల మధ్య బిగించే డి7078 ప్రమాణం 2005లో వెలువడింది.